నెలాఖరులో నీరసపడే టేబుల్

లిటరరీ క్లబ్ వాళ్ళు ఈ సంచికకి "మీ బ్రాంచి విషయమే తెలుగులో రాయండి" అన్నారు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివినదాన్ని. డేటాబేస్‌ని "దత్తాంశ నిధి" అనాలట. మా ఇంట్లో ఆ మాట అంటే ఏదో చిట్‌ఫండ్ కంపెనీ అనుకుంటారు. అందుకని ఇన్సర్ట్‌ని ఇన్సర్ట్ అనీ, టేబుల్‌ని టేబుల్ అనీ, ఇండెక్సుని ఇండెక్సు అనీ రాస్తున్నాను. ఈ మూడోది మా తాతయ్య కూడా జీవితమంతా అలాగే అన్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సెకండియర్‌లో మా ముగ్గురికీ ఒక ప్రాజెక్టు అప్పగించారు. కొత్తది కాదు, సీనియర్లు వదిలి వెళ్ళింది. హాస్టల్ బ్లాకుల్లో 120 కరెంటు మీటర్లు ఉన్నాయి. ఒక్కోటీ 5 సెకండ్లకోసారి రీడింగ్ పంపుతుంది. అన్నీ గేట్‌వే అనే చిన్న డబ్బాలోకి చేరి, అక్కణ్ణించి ల్యాబ్‌లో ఉన్న పాత మెషీన్‌లోని పోస్ట్‌గ్రెస్‌కి వెళ్తాయి. సెకనుకి 24 రోలు. వినడానికి ఏమీ కాదు. కానీ రోజుకి 20,73,600. నెలకి ఆరు కోట్ల పైచిలుకు.

ఈ డేటా మీద ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ స్కాలర్ అక్క ఒకరు రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. హాస్టళ్ళలో ఏ వేళ ఎంత లోడ్ పడుతుంది అన్నది ఆవిడ థీసిస్. మొదటి మీటింగ్‌లోనే ఒక గ్రాఫ్ చూపించి, "దీన్ని చూస్తే ఏమనిపిస్తోంది?" అని అడిగారు. ప్రతి నెలా 20 దాటాక గీత తెగిపోతోంది. అక్కడక్కడా గంటలకి గంటలు ఖాళీ. మళ్ళీ ఒకటో తారీఖు నుంచి చక్కగా ఉంటోంది. "నెలాఖరుకి హాస్టల్ పిల్లలు ఫ్యాన్లు కట్టేసి పొదుపు చేస్తారని రాయమంటారా?" అని నవ్వారు. ఆ నవ్వు వెనక రెండేళ్ళ కష్టం ఉంది. ఖాళీ అంటే కరెంటు వాడలేదని కాదు, రాసుకోలేదని. థీసిస్ చదివేవాళ్ళకి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

రీడింగులు ఎలా పోతున్నాయో ముందే తెలుసు. గేట్‌వే తన దగ్గర సుమారు రెండు లక్షల రీడింగులు దాచుకోగలదు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాల సరుకు. డేటాబేస్ తీసుకోకపోతే అంతసేపు ఆగుతుంది, ఆ పైన పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది. వానాకాలంలో కరెంటు పోతే హాస్టల్‌కి జనరేటర్ ఉంది, మీటర్లు తిరుగుతూనే ఉంటాయి. ల్యాబ్ మెషీన్ మాత్రం పడుకుంటుంది. అది లేచాక ఆ బాకీ మొత్తం తీర్చాలి. గంట కరెంటు పోతే 86,400 రోల బాకీ. మెషీన్ సెకనుకి 30 రోలే రాయగలిగితే, 24 కొత్తవాటికే సరిపోతాయి. మిగిలిన ఆరుతో బాకీ తీరాలంటే నాలుగు గంటలు. ఈలోగా ఇంకోసారి కరెంటు పోతే అంతే సంగతులు.

నెల మొదట్లో ఈ బాకీ నిమిషాల్లో తీరిపోయేది. నెలాఖరులో తీరేది కాదు. జీతం వచ్చిన ఇల్లులాగే, ఒకటో తారీఖున చలాకీ, ఇరవై దాటాక నీరసం.

ఈ టేబుల్ నెలనెలా పార్టిషన్ చేసినదే. డీబీఎంఎస్ రికార్డు నింపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: పార్టిషన్డ్ టేబుల్ అంటే పైకి ఒకటే పేరు, లోపల చాలా టేబుళ్ళు. పై టేబుల్‌లో ఒక్క రో కూడా ఉండదు. మనం ఇన్సర్ట్ చేసిన ప్రతి రోనీ, దాని తారీఖు చూసి, లోపలి టేబుల్ ఒకదానికి పంపాలి. కాబట్టి పార్టిషన్ చేయగానే ఇన్సర్ట్ వేగం పెరుగుతుందన్న మాటని కొంచెం అనుమానంగానే వినాలి. ప్రతి రో మీదా పని పెరిగింది కదా, తగ్గలేదు.

సీనియర్లు రాసింది పాత పద్ధతి. 2017లో పోస్ట్‌గ్రెస్ 10 వచ్చేదాకా పార్టిషన్లకి విడిగా సింటాక్స్ లేదు. ఇన్‌హెరిటెన్స్‌తో పిల్ల టేబుళ్ళు చేసి, తల్లి టేబుల్ మీద ట్రిగ్గర్ పెట్టేవాళ్ళు. ల్యాబ్ మెషీన్‌లో ఉన్నది 9.6, అందుకని వాళ్ళూ అదే చేశారు. ఆ ట్రిగ్గర్ ఒక పెద్ద ఇఫ్-ఎల్స్ కొండవీటి చాంతాడు. 2021 జనవరా? కాదు. ఫిబ్రవరా? కాదు. ఇలా యాభై పైచిలుకు ప్రశ్నలు వేసి చివరికి ఈ నెల దగ్గర ఆగుతుంది. అక్కడ అసలు ఇన్సర్ట్ చేసి, తల్లి టేబుల్‌కి నల్ తిరిగిస్తుంది. దాంతో ఒక తమాషా. రో భేషుగ్గా చేరుతుంది, కానీ పోస్ట్‌గ్రెస్ మాత్రం "ఇన్సర్ట్ 0 0" అని జవాబిస్తుంది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ "ఏమీ తినలేదు" అన్నట్టు.

టీంలో అందరి వేలూ ట్రిగ్గర్ వైపే తిరిగింది. దాన్ని తిట్టడానికి కారణాలు ఉన్నాయి కూడా. ప్రతి రోకీ ఒక ఫంక్షన్ నడవాలి, ఒకేసారి వెయ్యి రోలు పంపినా అది ఒక్కొక్కటిగానే చూస్తుంది. కానీ లెక్క కుదరడం లేదు. ట్రిగ్గర్ ఒకటో తారీఖున వేసే ప్రశ్నలెన్నో ఇరవయ్యయిదున వేసేవీ అన్నే. నెల మారితే ఒక్క ప్రశ్న పెరుగుతుంది, అంతే. నెల లోపల పెరుగుతూ పోయి, నెల మారగానే సున్నాకి వచ్చే వస్తువు ఏదో ఉండాలి.

అలాంటిది ఒక్కటే ఉంది. ఆ నెల టేబుల్, దానితోపాటు దాని ఇండెక్సులు.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా నా బుర్ర ఇక్కడే ఉంది. మా తాతయ్య గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే వచ్చి, "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. "ఎంట్రీలు స్లోగా పడుతున్నాయి తాతయ్యా. ఎందుకో చూస్తున్నా" అన్నాను. ఆయనకి కంప్యూటర్ మీద పెద్ద ప్రేమేమీ లేదు. 1998లో కార్డ్ పథకం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టడం మొదలైనప్పుడు ఆయనకి యాభై ఏళ్ళు. అప్పటిదాకా చేత్తో రాసినవాడు. అయినా ఎంట్రీలు అనేసరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పుస్తకంలో రాయడం స్లోగా ఉందా, ఇండెక్సు రాయడమా?" అని అడిగాడు.

నేను తెల్లబోయాను. ఇది మా వైవాలో ఎక్స్‌టర్నల్ కూడా అడగని ప్రశ్న.

తాతయ్య చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. రిజిస్టరైన దస్తావేజుని ఒకటో నంబరు పుస్తకంలో నకలు రాయాలి. అది సుఖమైన పని. నిన్న ఎక్కడ ఆపామో అక్కణ్ణించి ఇవాళ మొదలు. పేజీ వెతకక్కర్లేదు. తర్వాత ఇండెక్సులు రాయాలి: ఒకటో ఇండెక్సు పేర్లకి, రెండోది ఆస్తులకి. పేర్ల ఇండెక్సులో అక్షరానికి ఇన్ని పేజీలని ఉంటాయి. అమ్మినాయన పేరు "వ"తో మొదలు, కొన్నాయనది "క", సంతకం పెట్టిన కొడుకుది "శ". ఒక్క దస్తావేజుకి పుస్తకాన్ని మూడుసార్లు అటూ ఇటూ తిరగేయాలి. "జనవరిలో పల్చటి పుస్తకం, చేతిలోనే ఉంటుంది. డిసెంబరుకి మోయలేం. నడుం పోయింది ఇండెక్సులతోనేనమ్మా, నకళ్ళతో కాదు."

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తర్వాత నెట్‌లో తీసి చదివాను. ఇండెక్సులో ఎంట్రీ వీలైనంతవరకు నకలు పూర్తికాగానే వేయాలని 54వ సెక్షన్‌లో ఉంది. అంటే ఇప్పుడు రాసేవాడు, ఎప్పుడో వెతకబోయేవాడి కోసం, ఇప్పుడే కష్టపడాలి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి ఇన్సర్ట్ చేసేదీ అదే. రో ఖాళీ ఉన్నచోట పడిపోతుంది. కష్టమంతా ఇండెక్సుల దగ్గరే.

సెలవుల తర్వాత ల్యాబ్‌కి వచ్చి ఇండెక్సులు ఒక్కొక్కటే చూశాం. మూడున్నాయి. టైమ్ మీద ఉన్నదానితో గొడవ లేదు. కొత్త టైమ్ ఎప్పుడూ పాతవాటికంటే పెద్దదే కాబట్టి ఎంట్రీ ఎప్పుడూ బీ-ట్రీ కుడి చివరి పేజీలోనే పడుతుంది. అది తాతయ్య ఒకటో నంబరు పుస్తకం లాంటిది. మీటర్ నంబరు, టైమ్ కలిపి ఉన్నది కూడా ఫర్వాలేదు. 120 మీటర్లకి 120 చోట్ల రాయాలి, 120 పేజీలు మెమరీలో కూర్చోవడం ఎంతసేపు?

మూడోది ప్రైమరీ కీ. గేట్‌వే ప్రతి రీడింగ్‌కీ ఒక యూయూఐడీ తగిలించి పంపుతుంది. పూర్తిగా ర్యాండమ్. అంటే ప్రతి ఎంట్రీ ఇండెక్సులో ఎక్కడో ఒకచోట, లాటరీ తీసినట్టు పడుతుంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. ఒక్కో పేజీలో ఇలాంటివి రెండొందల పైచిలుకు పడతాయి. నెల చివరికి ఆరు కోట్ల ఎంట్రీలంటే ఇండెక్సు రెండు జీబీ దాటుతుంది. ల్యాబ్ మెషీన్ మొత్తం మెమరీ 4 జీబీ, అందులో పోస్ట్‌గ్రెస్ తనకంటూ ఉంచుకున్నది డిఫాల్ట్ 128 ఎంబీ. నెల మొదట్లో ఇండెక్సు మొత్తం మెమరీలో ఇమిడిపోతుంది. ఇరవై దాటాక ప్రతి రోకీ కావాల్సిన పేజీ మెమరీలో దొరక్క, తిరిగే హార్డ్ డిస్కు దగ్గరికి పరిగెత్తాలి. ఏ ఇండెక్సు కోసం ఎన్నిసార్లు తన మెమరీ దాటి బయటికి వెళ్ళిందో పోస్ట్‌గ్రెస్ తనే లెక్క రాసి పెట్టుకుంటుంది. ఆ లెక్కలో మిగతా రెండు ఇండెక్సులు కదలడం లేదు. ఇది మాత్రం గంట గంటకీ పెరుగుతోంది.

దీనికి ఇంకో వడ్డన కూడా ఉంది. ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడు, సగంలో కరెంటు పోయినా పేజీ పాడవకుండా, మొత్తం 8 కేబీనీ లాగ్‌లోకి రాస్తుంది. కుడి చివర రాసే ఇండెక్సుకి ఇది లెక్కలోకి రాదు, అవే పేజీలు మళ్ళీ మళ్ళీ వాడుతుంది కాబట్టి. ర్యాండమ్ ఇండెక్సుకి దాదాపు ప్రతి ఎంట్రీ కొత్త పేజీయే. ముప్పై బైట్లు కూడా లేని ఎంట్రీ కోసం ఎనిమిది వేల బైట్ల లాగ్. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఆ డిస్కు మీద జాలేసింది.

పార్టిషన్ ఇన్సర్ట్‌కి ఎలా సాయం చేస్తుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. నెలకో టేబుల్ ఉండబట్టే ఒకటో తారీఖున కొత్త చిన్న ఇండెక్సు దొరుకుతోంది. అసలు పార్టిషనే లేకపోతే ఈ నీరసం ఎప్పుడో మొదలై మళ్ళీ తేరుకునేదే కాదు. మరి నెలకి బదులు రోజుకో పార్టిషన్ చేస్తే? ఇరవై లక్షల ఎంట్రీలకి ఇండెక్సు ఎనభై ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది, మెమరీలో పడుతుంది. మా టీంమేట్ అదే చేద్దామన్నాడు. కానీ మూడేళ్ళకి 1,095 టేబుళ్ళు, ఒక్కోదానికి మూడు ఇండెక్సులు. అక్క "ఈ మీటర్ చరిత్ర మొత్తం ఇవ్వు" అని తారీఖు లేకుండా అడిగితే అన్నిట్లోనూ వెతకాలి. తాతయ్య భాషలో ముప్పై ఏళ్ళ ఈసీ అడిగినట్టు. ఏ ఏడుకి ఆ ఏడు పుస్తకం దించాల్సిందే.

మేం వేరే దారి పట్టాం. దానికి దారి చూపించింది మొదట నాకు చిరాకు తెప్పించిన ఒక రూలు.

కొత్త పద్ధతి పార్టిషన్‌లో ప్రైమరీ కీ పెట్టాలంటే, దేని మీద పార్టిషన్ చేశామో ఆ కాలమ్ కూడా కీలో ఉండి తీరాలి. ఒట్టి యూయూఐడీ పెడతానంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. కారణం సబబే. ఇండెక్సులు ఏ పార్టిషన్‌కి ఆ పార్టిషన్‌కే ఉంటాయి. ఒక ఐడీ మొత్తం మీద ఒకటేనా అని చూడాలంటే ప్రతి ఇన్సర్ట్‌కీ అన్ని పుస్తకాలూ తిరగేయాలి. (ఒరాకిల్‌లో గ్లోబల్ ఇండెక్సు అని ఒకటుంది. అది పెట్టుకుంటే ఈ రూలు ఉండదు, కానీ ఆ పెద్ద ఇండెక్సు మోత మళ్ళీ నెత్తికెక్కుతుంది.) ఫోన్లో ఈ రూలు గురించి తాతయ్య దగ్గర గొణిగితే, ఆయన ఆశ్చర్యపోయాడు, నేను ఆశ్చర్యపోయినందుకు. "దస్తావేజు నంబరు ఎప్పుడైనా ఒట్టిగా చెప్తారటే? 1432 అంటే ఏ 1432? ప్రతి ఏడూ ఒక 1432 ఉంటుంది. 1432 బై 1987 అనాలి." నిజమే, అదే చట్టం 53వ సెక్షన్‌లో ఉంది: నంబర్లు ఏడాదితో మొదలై ఏడాదితో ముగియాలి, కొత్త ఏడాదికి కొత్త వరస. మన ఇళ్ళల్లో బీరువాలో ఉన్న ఏ దస్తావేజు తీసి చూసినా నంబరు పక్కన సంవత్సరం కనిపిస్తుంది. అది కాంపోజిట్ కీ.

ఎలాగూ టైమ్‌ని కీలో చేర్చక తప్పదు కాబట్టి, దాన్ని ముందు పెట్టాం. టైమ్ మొదట, యూయూఐడీ తర్వాత. అంతే. ఇండెక్సు ఇప్పుడు ముందు టైమ్ చూస్తుంది, కొత్త ఎంట్రీలన్నీ కుడి చివరికే వెళ్తాయి. ర్యాండమ్ ఐడీ అక్కడే ఉంది, కానీ ఎక్కడ రాయాలో నిర్ణయించే అధికారం దానికి లేదు. డూప్లికేట్ల సంగతేమిటని సార్ అడిగారు. గేట్‌వే ఒక రీడింగ్‌ని రెండోసారి పంపినా అదే టైమ్‌తో, అదే ఐడీతో పంపుతుంది. కాబట్టి దొరికిపోతుంది.

దీని తర్వాత పార్టిషన్ నెలకా, రోజుకా అన్నది ఇన్సర్ట్‌కి పెద్ద విషయం కాకుండా పోయింది. నెలకే ఉంచాం. నా అభిప్రాయం అడిగితే, మా కేసులో వేగం తెచ్చింది టేబుల్‌ని ఎన్ని ముక్కలు చేశామన్నది కాదు, ఒక సమయంలో ఎన్ని పేజీలు తెరిచి ఉంచి రాస్తున్నామన్నది. పార్టిషన్ అందుకు ఒక ఉపాయం, ఏకైక ఉపాయం కాదు. అసలు గేట్‌వేనే టైమ్ వరసలో ఐడీలు ఇస్తే (పోస్ట్‌గ్రెస్ 18లో యూయూఐడీ వెర్షన్ 7 అలాంటిదే) ఈ కథే ఉండేది కాదు. ఆ డబ్బా లోపలి ప్రోగ్రాం మార్చడం మా చేతిలో లేదు.

మిగతా పనులు మామూలువే. పోస్ట్‌గ్రెస్ 16కి మారాం, ట్రిగ్గర్‌కి సెలవిచ్చాం. ఇప్పుడు సరైన పార్టిషన్ వెతకడం వరసగా ప్రశ్నలు అడిగి కాదు, బైనరీ సెర్చ్‌తో. పైగా వరసగా 16 రోలు ఒకే పార్టిషన్‌కి వెళ్తే, 16వ వెర్షన్ ఆ తర్వాతి రోకి ముందు అదే పార్టిషన్‌ని చూస్తుంది. మధ్యలో ఉన్న 10, 11 వెర్షన్లకి మారి ఉంటే మాత్రం ఇంకో తలనొప్పి. ఒక్క రో రాయడానికి కూడా అన్ని పార్టిషన్లకీ ముందే లాక్ వేసేవి. 2019లో వచ్చిన 12 నుంచి రో ఏ పార్టిషన్‌కి వెళ్తుందో దానికే లాక్. తర్వాత, రోకో కమిట్ బదులు 500 రోలకో, సెకనుకో, ఏది ముందైతే దానికి ఒక కమిట్ పెట్టాం. కమిట్ అయ్యాకే గేట్‌వేకి "అందింది" అని చెప్తాం కాబట్టి మధ్యలో మెషీన్ పడినా రీడింగ్ పోదు. వచ్చే మూడు నెలల పార్టిషన్లు ముందుగానే తయారుచేసే చిన్న స్క్రిప్టు కూడా ఉంది. లేకపోతే ఒకటో తారీఖు అర్ధరాత్రి 12 దాటగానే "ఈ రోకి పార్టిషన్ లేదు" అని ఎర్రర్ వస్తుంది, ఆ టైమ్‌లో ల్యాబ్ తాళం తీసేవాళ్ళెవరూ ఉండరు.

నవంబరు 26న పెద్ద వాన. సాయంత్రం ఆరింటికి ల్యాబ్‌లో కరెంటు పోయి ఏడున్నర దాటాక వచ్చింది. తారీఖు చూడండి, పాత లెక్కన అక్క గ్రాఫ్‌లో పెద్ద గొయ్యి పడాల్సిన రోజు. మేం ముగ్గురం, అక్క, తడిసిన గొడుగులు మూల పెట్టి మానిటర్ ముందు నిలబడ్డాం. బాకీ లక్షా ముప్పై వేల పైన. అక్క అప్పటికే ఇంకో విండో తెరిచి ఆ సాయంత్రం గీత రెఫ్రెష్ చేస్తున్నారు. ఆరు గంటల రోలు, ఆరుంపావు, ఆరున్నర, అలా కుట్టుమిషను మీద బట్ట జరిగినట్టు ఎడమ నుంచి కుడికి గీత నిండుతూ వచ్చింది. టీ తెప్పించాం. టీ వచ్చేసరికి గీత ఇప్పటి టైమ్‌ని అందుకుంది.

పాత నెలల్లో పోయిన రీడింగులు మాత్రం పోయినట్టే, వాటిని ఏ పార్టిషనూ తేలేదు. అక్క వాటి స్థానంలో బూడిదరంగు పట్టీలు వేసి, కింద "రీడింగ్ లేదు" అని రాయాలని నిర్ణయించుకున్నారు. ఆ పట్టీల మొదలు, చివర ఏ నిమిషమో తీసిచ్చే క్వెరీ ఇప్పుడు నేను రాస్తున్నాను. పాత టేబుళ్ళలో వెతకాలి కాబట్టి నెమ్మదిగానే నడుస్తోంది.